అడవినాభి ఆరు చేతులూ ఎందుకెత్తింది

ఒకప్పుడు దేవాంగపిల్లి పట్టపగలే తిరిగేది. తిరగడమంటే అట్లా ఇట్లా కాదు. ఈ కొమ్మ మీది నుంచి ఆ కొమ్మ మీదికి, ఆ కొమ్మ మీది నుంచి ఎవరి నెత్తి మీదికైనా సరే, ఒకటే గంతులు. కళ్లు ఆవగింజలంత ఉండేవి. నోరు మాత్రం నిద్రలో కూడా మూతపడేది కాదు.

పేరులో పిల్లి ఉంది కదా అని పిల్లి అనుకునేరు. అది కోతికి దూరపు చుట్టం. మీ అరచేతిలో పట్టేంత ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ. తోక లేదు. ఎందుకు లేదో నాకు తెలీదు, అడక్కండి.

దేవాంగపిల్లులు ఉండే శేషాచలం కొండల్లోనే అడవినాభి అని ఒక తీగ కూడా ఉంటుంది. వానలు పడగానే భూమిలోని దుంప నుంచి మొలుస్తుంది. పువ్వు చూస్తే పొయ్యిలో మంటలాగా ఎర్రగా, పచ్చగా ఉంటుంది. అందం చూసి దగ్గరికి పోతారేమో, దూరం నుంచి చూడండి చాలు. దుంప నుంచి పువ్వు దాకా అంతా విషమే. ఆ సంగతి తెలిసే జింకలు దాని పక్కనున్న గడ్డి కూడా తినేవి కాదు. ఆ రోజుల్లో దాని పూరేకులు గొడుగులాగా కిందికి వాలి ఉండేవి. ఆకులు మామూలు ఆకుల్లా తిన్నగా ఉండేవి. దేన్నీ పట్టుకోవడం రాదు కాబట్టి వెదురు పొద మీద ఊరికే ఆనుకుని ఉండేది. గాలి వస్తే పడిపోయేది. గాలి పోయాక నెమ్మదిగా లేచేది. లేవదీయడానికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఇప్పుడు పోలికల పండగ గురించి చెప్పాలి.

మీరు పుట్టినప్పుడు మీ ఇంటికి ఒక పెద్దమ్మ వచ్చే ఉంటుంది. మిమ్మల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ముక్కు తాతది, చెవులు మేనమామవి, ఏడుపు మాత్రం అచ్చం మేనత్తది అని తేల్చేసి, కాఫీ తాగి వెళ్లిపోయి ఉంటుంది. అలాంటివాళ్లంటే నాకు ఒళ్లు మంట. మీ ముక్కు మీదే. ఆ కొండల్లో కూడా అలాంటి పెద్దమ్మ ఒకతి ఉండేది. పేరు ఓబులవ్వ. ఆమె ఒక ముసలి ఉడుము. పొట్ట నేలకేసి ఈడ్చుకుంటూ వచ్చేది. ఒక మాట అన్నదంటే ఇక దాన్ని వదిలేది కాదు. ఉడుం పట్టు అంటారే, ఆ పట్టు ఓబులవ్వ కాళ్లకే కాదు, నాలుక్కి కూడా ఉండేది.

ఎవరికి పిల్ల పుట్టినా, కళ్లు తెరిచిన రోజున అందరూ ఇప్పచెట్టు కింద చేరేవాళ్లు. ఇప్పపూలు తినేవాళ్లు. ఓబులవ్వ పిల్లను చూసి ఎవరి పోలికో చెప్పేది. ఎవరి పోలికైతే వాళ్లే ఆ పిల్లను సాకాలి. అది కట్టుబాటు. కాదని పిల్లను దొంగచాటుగా కలిసినవాళ్లను కొండ దింపేస్తారు.

ఈ కట్టుబాటు పెట్టించింది కాకి. ఎవరో తన గూట్లో గుడ్లు పెట్టి పోతున్నారని గోల చేసి చేసి, పుట్టిన ప్రతి పిల్లకీ పోలిక చెప్పి తీరాలని పట్టుబట్టింది. మొట్టమొదట తన గూట్లోని పిల్లనే తెచ్చి చూపించింది. అది కోకిల పిల్ల. ఓబులవ్వ తేరిపార చూసి, నలుపు చూడగానే తెలుస్తా ఉంది, కాకి పోలికే అన్నది. కాకి సంతోషంగా ఇంటికి తీసుకుపోయింది. అంత గొప్ప తీర్పుతో మొదలైంది ఆ పండగ.

మామూలుగా పిల్లలకు తల్లి పోలికో తండ్రి పోలికో వచ్చేది కాబట్టి గొడవ ఉండేది కాదు. ఎప్పుడో ఒకసారి ఓబులవ్వకు ఇప్పపూలు ఎక్కువైతే మాత్రం తంటా వచ్చేది. ఒకసారి అడవిదున్న దూడకు బండరాయి పోలిక అన్నది. పాపం, ఆ దూడ ఒక వానాకాలమంతా బండ పక్కనే పెరిగింది. బండ దాన్ని ఒక్క మాట కూడా అనలేదని, అంత ఓర్పు తల్లికి కూడా ఉండదని అందరూ మెచ్చుకున్నారు.

సన్నక్క అని ఒక దేవాంగపిల్లి ఉండేది. గంతుల్లోనూ మాటల్లోనూ అందరికంటే ముందు. ఆమెకు తొలిచూలు పిల్ల పుట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్ల తీరే వేరుగా ఉంది. కదిలితే ఒక చెయ్యి మెల్లగా ఎత్తుతుంది. ఆగుతుంది. ఏదో ఆలోచిస్తుంది. తర్వాత ఆ చెయ్యి కొమ్మ మీద పెడుతుంది. రెండో చెయ్యి ఎత్తేలోపు తల్లి అడవంతా తిరిగొచ్చేది. పిల్ల కళ్లు చూస్తే రేగుపండ్లంత. కిక్కురుమనదు. సన్నక్క మాత్రం దాన్ని రొమ్ముకు హత్తుకుని, నా తల్లి ఎంత నిదానమో చూడండి అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

పండగ రోజు వచ్చింది. ఓబులవ్వ పిల్లను చూసింది. తల్లిని చూసింది. తల్లి అప్పటికే చెట్టు చుట్టూ తిరిగి ఎలుగుబంటి వీపు మీద దూకి, కిందికి దిగి, మాట్లాడుతూనే ఉంది.

ఇది నీ పోలిక కాదు కదా మే, అన్నది ఓబులవ్వ. సన్నగా ఉంది, మెల్లగా ఉంది, ఉలకదు, పలకదు, ఎవరి మీదనో ఆనుకుంటే తప్ప నిలబడలేదు. ఈ కొండల్లో ఇట్లాంటిది ఎవరుండారబ్బా అని నాలుక బయటికి చాచి, లోపలికి లాగి, అటూ ఇటూ చూసింది. వాగు పక్కన వెదురు పొద మీద ఆనుకుని అడవినాభి కనిపించింది.

"ఆ నాభి పోలికే. అచ్చు దిగిపోయింది," అన్నది.

సన్నక్క నోరు మొదటిసారి మూతపడింది. తర్వాత తెరుచుకుంది కానీ లాభం లేదు. నా కడుపున పుట్టిందని మొత్తుకుంది. కడుపు సంగతి ఎవరడిగారు, పోలిక సంగతి చెప్పు అన్నది కాకి. తీగకు పిల్లలెట్లా పుడతారని ఏడ్చింది. పుట్టింది నీకే కదా, పోలికే దానిది అన్నాడు ఎలుగుబంటి, అదేదో పెద్ద సమాధానమైనట్టు. ఓబులవ్వకు తను అన్నది తప్పేమో అనిపించినట్టే ఉంది. కానీ అన్నాక వెనక్కి తీసుకోవడం ఆమె వంశంలో లేదు. సాయంత్రానికి పిల్లను తీసుకుపోయి అడవినాభి తీగ మీద పెట్టేశారు.

"నాకా?" అన్నది అడవినాభి.

పాపం, పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని ఎవరూ తాకింది లేదు. గాలి తాకుతుంది, అది కూడా పడెయ్యడానికి. ఇప్పుడేమో చిన్న చెయ్యి ఒకటి మెల్లగా లేచి, ఆగి, ఆలోచించి, దాని ఆకు కొసను పట్టుకుంది. నిజం చెప్పాలంటే అడవినాభికి ఏడుపొచ్చింది. తీగలు ఏడిస్తే ఎట్లా ఉంటుందో నాకు తెలీదు కానీ, వచ్చిందనే చెప్పుకున్నారు.

పిల్లను సాకడమెట్లాగో దానికి తెలీదు. దారిన పోయేవాళ్లనల్లా పిల్లలు ఏం తింటారని అడిగింది. చెదలు అన్నాడు ఎలుగుబంటి. గడ్డి అన్నది జింక, దూరం నుంచే. పాము పిల్లలు మెత్తగా బాగుంటాయన్నది గద్ద. అడవినాభి వాళ్లు చెప్పినవన్నీ శ్రద్ధగా విన్నది. కాళ్లు లేవు కాబట్టి ఏదీ తేలేకపోయింది.

పిల్లకు ఆకలైంది. ఎదురుగా ఎర్రగా పువ్వు కనిపించింది. మెల్లగా మూతి చాచింది.

 అడవినాభి పువ్వును ఒక్క ఉదుటున పక్కకు లాక్కుంది. పిల్ల ఇంకో పువ్వు వైపు తిరిగింది. దాన్ని కూడా లాక్కుంది. అదృష్టం కొద్దీ పిల్ల కదలిక నెమ్మది. లేకపోతే ఆ సాయంత్రమే కథ అయిపోయేది. చీకటి పడేదాకా పువ్వుల్ని అటూ ఇటూ తిప్పుకుంటూనే ఉంది ఆ తీగ. నేనే విషం, నా ఒళ్లో పిల్లా అని కుమిలిపోయింది.

ఆ చీకట్లో సన్నక్క వచ్చింది. ఎప్పట్లాగే ఒక్క గంతున వెదురు పొద మీద దూకింది. పొదంతా గలగలమన్నది. పక్కనే రాతి నెర్రెలో పడుకున్న ఓబులవ్వకు మెలకువొచ్చింది. ఉడుము చెవులతో కంటే పొట్టతోనే బాగా వింటుంది. పొట్ట కింద నేల అదిరితే చాలు. ఎవరది అని గట్టిగా అడిగింది. సన్నక్క పిల్లను తాకకుండానే పారిపోయింది. దొరికితే కొండ దింపేస్తారు. అప్పుడిక పిల్ల ముఖం కూడా కనిపించదు.

మరుసటి రాత్రి అవతలి చెట్టు కొమ్మ మీద కూర్చుని దూరం నుంచే పిల్లను చూసింది. పిల్ల ఒక చెయ్యి ఎత్తింది. ఆగింది. పెట్టింది. ఒక ఆకు కూడా కదల్లేదు. సన్నక్క కూడా ఒక చెయ్యి ఎత్తింది. ఆగింది. ఆగడం ఆమె వల్ల అయ్యే పని కాదు, ఒళ్లంతా జిలపుట్టింది. అయినా ఆగింది. మెల్లగా పెట్టింది. ఆకు కదల్లేదు. ఓబులవ్వ గురక ఆగలేదు.

కన్నబిడ్డ దగ్గర నడక నేర్చుకున్న తల్లి ఈ లోకంలో సన్నక్క ఒక్కతే.

అట్లా మెల్లగా, మెల్లగా పోయి పిల్లకు పాలిచ్చింది. మాట్లాడాలని నోటిదాకా వచ్చింది, మింగేసింది. అడవినాభికి అంతా తెలుస్తూనే ఉంది. తెలిసీ నిద్రపోతున్నట్టు ఊరుకుంది. పిల్ల కడుపు నిండిందని దానికి ఎంత హాయిగా ఉందో, తన వల్ల నిండలేదని అంత బాధగానూ ఉంది.

వానాకాలమంతా అదే వరస. పగలు సన్నక్క పొదల్లో దాక్కుని నిద్రపోయేది. రాత్రి బయల్దేరేది. చీకట్లో పిల్ల ఎక్కడుందా అని కళ్లు విప్పార్చి చూసీ చూసీ, ఆవగింజలంత కళ్లు బఠాణీలంతయ్యాయి. బఠాణీలు రేగుపండ్లయ్యాయి. గంతులు మరిచిపోయింది. మాట మరిచిపోయింది. దిగులుకు ఒళ్లు మరీ పుల్లలా అయింది.

పిల్ల మాత్రం నున్నగా బలిసింది. ఓబులవ్వ దాన్ని అందరికీ చూపించి, నేను చెప్పలేదా, పోలిక కుదిరింది కాబట్టే సాకడం కుదిరింది అని గొప్పలు పోయింది. ఆమెతోబాటు అడవంతా మెచ్చుకుంది. అడవినాభికి సిగ్గేసింది.

మెల్లగా నడవడంలో ఒక చిక్కుంది. పోవడం మెల్లగా పోతే రావడం కూడా మెల్లగానే రావాలి. ఒకరోజు సన్నక్క ఇంకా వెదురు పొద దాటకముందే తెల్లారిపోయింది. కాకి చూడనే చూసింది.

"దొంగ, దొంగ," అని ఒకటే అరుపు. "నాభమ్మ పిల్ల దగ్గర ఎవరో కొత్తది ఉంది."

క్షణంలో అందరూ మూగారు. సన్నక్క పారిపోదామని ఒక చెయ్యి ఎత్తింది. ఆగింది. ఆలోచించింది. ఆ చెయ్యి పెట్టేలోపు ఎలుగుబంటి వచ్చి మెడ పట్టుకుని ఇప్పచెట్టు కిందికి తీసుకుపోయాడు. వెనకే పిల్లను కూడా తెచ్చారు. అడవినాభిని తేలేరు కాబట్టి, అక్కడి నుంచే వినమన్నారు.

విచిత్రమేమిటంటే, సన్నక్కను ఎవరూ గుర్తుపట్టలేదు. వీపు మీద ఎన్నోసార్లు దూకించుకున్న ఎలుగుబంటి కూడా ఇదేందబ్బా అన్నాడు. ఎవరు నువ్వు, ఏ ఊరు అని అడిగితే అది నోరు విప్పలేదు. విప్పితే సన్నక్క అని తెలిసిపోతుంది, కొండ దింపేస్తారు. ఆ పెద్ద కళ్లతో చూస్తూ ఊరుకుంది.

ఊరూ పేరూ లేనిది కొండ మీద ఉండకూడదు, ముందు దీనికి పోలిక చెప్పు అవ్వా అని కాకి ఓబులవ్వను తొందరపెట్టింది. ఓబులవ్వ పొట్ట ఈడ్చుకుంటూ వచ్చింది. సన్నక్క చుట్టూ ఒకసారి తిరిగింది. పక్కనున్న పిల్లను చూసింది. మళ్లీ సన్నక్కను చూసింది.

"ఇంకేం చూసేది? ఇది ఆ పిల్ల పోలికే. అవే కళ్లు, అదే నడక. రెండూ ఒకటే అచ్చు," అన్నది.

అందరూ అవునవునన్నారు. సన్నక్క గుండె ఎగిరి గంతేసింది. గుండెకు ఇంకా గంతులు గుర్తున్నాయి కాబోలు. పిల్ల పోలిక నాదని తేలింది, ఇక పిల్ల నాదే అనుకుంది.

కానీ ఓబులవ్వ బుర్ర అంత తేలిగ్గా వదులుతుందా? ఆమె తోక నేలకేసి కొట్టి లెక్క చెప్పడం మొదలుపెట్టింది. పిల్లది నాభి పోలిక అని అప్పుడే చెప్పినాను. చెప్పింది చెప్పినట్టే ఉండాల. దీనిది పిల్ల పోలిక అని ఇప్పుడు చెప్పినాను. అదీ ఉండాల. అంటే దీనిది కూడా నాభి పోలికే. కాబట్టి నాభే ఇద్దర్నీ సాకాల. ఒకింటివాళ్లు కలుసుకుంటే దొంగతనం కాదు.

ఆహా, ఏం తెలివి అని కాకి ముక్కు మీద వేలేసుకోబోయి, వేలు లేక రెక్క వేసుకుంది. అట్లా తల్లినీ బిడ్డనూ కలిపి, బిడ్డలుగా, ఒక తీగకు అప్పజెప్పారు.

అడవినాభికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఎందుకు పుట్టదు? పిల్ల తన దగ్గరే ఉంటుంది. పాలివ్వడానికి తల్లి కూడా ఉంటుంది. ఎవరూ దొంగతనంగా రానక్కర్లేదు. తనను తాకేవాళ్లు ఇద్దరుంటారు. అంతకంటే ఏం కావాలి?

అప్పుడే పిల్ల ఇప్పచెట్టు కింద నుంచి ఎర్రగా కనిపిస్తున్న పువ్వు వైపు చూసి, మూతి చాచింది. ఇప్పుడు దానికి పళ్లు కూడా వస్తున్నాయి. రాత్రీ పగలూ ఎన్నాళ్లని పువ్వుల్ని తిప్పుకుంటుంది? తీగకు మాత్రం నిద్ర రాదా? ఒక్కసారి కునుకు పడితే చాలు.

ఆ కట్టుబాటులో ఒక సందుంది. సాకలేనివాళ్లు అందరి ముందూ చేతులెత్తాలి. అప్పుడు పిల్లకు తర్వాతి పోలిక ఎవరిదో వాళ్లకు ఇస్తారు. ఎత్తిన చేతులు ఎప్పుడు దించితే అప్పుడు పిల్లను తెచ్చి మళ్లీ వాళ్ల ఒళ్లోనే పెడతారు. ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. బండరాయి ఎత్తాలనుకున్నా దానికి చేతుల్లేవు.

అడవినాభి తన పూరేకుల్ని చూసుకుంది. గొడుగులా కిందికి వాలి ఉన్న ఆరు రేకుల్నీ మెల్లగా వెనక్కి వంచింది. వంచి, పైకెత్తింది. ఒక పువ్వుకు కాదు, తీగ మీదున్న ప్రతి పువ్వుకూ.

"ఓబులవ్వా, నా వల్ల కాదు. ఒకదాన్ని సాకేటప్పటికే నా పని అయిపోయింది. ఇద్దర్ని యాడ సాకేది? తీసుకుపొండి," అన్నది.

అందరూ నవ్వారు. ఇంత మెతకదానివి అప్పుడెందుకు ఒప్పుకున్నావని ఎగతాళి చేశారు. అది సాకు అని వాళ్లకు తెలీదు. సన్నక్కకు తెలిసింది. ఆ పెద్ద కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

ఓబులవ్వ కాస్త మొహం చిన్నబుచ్చుకుంది. కానీ తను అన్న మాట ఏదీ వెనక్కి పోలేదు కాబట్టి సర్దుకుంది. నాభి చేతులెత్తింది. తర్వాతి పోలిక ఈ కొత్తదానిది. పిల్లను దీనికే ఇచ్చేయండి అన్నది. అని, ఇప్పపూల కోసం వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

సన్నక్క పిల్లను ఎత్తుకుని, మెల్లగా, వాగు పక్కకు వచ్చింది. ఒక్కసారి చూపించి పోదామని. పిల్ల ఒక చెయ్యి ఎత్తింది. ఆగింది. అడవినాభి ఆకు కొసను పట్టుకుంది. అడవినాభి కూడా ఆకు కొసను చుట్టి ఆ చిన్ని వేలును పట్టుకుంది. అంతకుముందు దానికి పట్టుకోవడం రాదు. ఆ రోజు ఎట్లాగో వచ్చింది.

ఎవరో ఒకరు వదలాలి కదా. పిల్లకు తెలీదు, వదల్లేదు. సన్నక్కకు విడదీయడానికి చేతులు రాలేదు. చివరికి అడవినాభే అన్నది, తీసుకుపో మే, ఆకలేస్తుంది దానికి అని. సన్నక్క పిల్ల వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, కళ్లు తుడుచుకుని, చీకట్లోకి వెళ్లిపోయింది.

అప్పటినుంచే దేవాంగపిల్లి పగలు బయటికి రాదు. మళ్లీ ఓబులవ్వ కంటబడితే ఏం పోలిక చెబుతుందోనని భయం. రాత్రిపూట రేగుపండ్లంత కళ్లేసుకుని, ఒక చెయ్యి ఎత్తి, ఆగి, ఆలోచించి, ఆకు కదలకుండా పెడుతుంది.

అప్పటినుంచే అడవినాభి పువ్వు తన ఆరు రేకుల్నీ వెనక్కి వంచి పైకెత్తే ఉంచుతుంది. గాలి కొట్టినా, వాన కొట్టినా దించదు. దించితే పిల్లను తల్లి దగ్గర నుంచి లాక్కొచ్చి మళ్లీ దానికే ఇస్తారు.

దాని ఆకుల కొసలు మాత్రం ఇంకా చుట్టుకునే ఉన్నాయి. వెదురు పుల్ల తగిలినా, ఎండు కంప తగిలినా, పిల్ల వేలేమో అని పట్టేసుకుంటాయి. పట్టుకుంటే వదలవు. అందుకే ఇప్పుడు అది గాలికి పడిపోదు.